బీరువాలో తపాలా గుమాస్తా

1969 ఆగస్టు 30, శనివారం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఒక ఉక్కు బీరువా వచ్చి దిగింది. యుద్ధనౌకల బూడిదరంగు పూత, ఎత్తి దించడానికి నెత్తిమీద కొక్కేలు, 400 కిలోల పైచిలుకు బరువు. చూసినవాళ్లు బ్యాంకు లాకరు అనుకున్నా తప్పులేదు. అసలు పేరు ఇంటర్‌ఫేస్ మెసేజ్ ప్రాసెసర్. అంత పొడుగు పేరు రోజూ ఎవరు పలుకుతారు? అందరూ 'ఇంప్' అన్నారు. ఇంగ్లీషులో ఆ మాటకు చిలిపి దయ్యం అని అర్థం. ఇవాళ మన ఇళ్లలో టీవీ పక్కన పచ్చదీపం మిణుకుమిణుకుమనే రౌటర్‌కు ఈ దయ్యమే ముత్తాత.

దీని పుట్టుకకు కారణం ఒక అధికారి విసుగు. 1966లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పాలో కంప్యూటర్ల విభాగం చూసేవాడు బాబ్ టేలర్. పెంటగాన్‌లో అతని గదిలో మూడు టెర్మినళ్లు ఉండేవి. ఒకటి ఎంఐటీ కంప్యూటర్‌కు, ఒకటి బర్క్‌లీకి, ఒకటి శాంటా మోనికాకు. దేని ఆజ్ఞలు దానివే, దేని మర్యాదలు దానివే. ఒక్క కోడలికి మూడు అత్తగారిళ్లలా ఉండేది వ్యవహారం. ఒకే చోట కూర్చుని అన్నిటితో మాట్లాడే వీలు ఎందుకు ఉండకూడదని టేలర్ పై అధికారి చార్లెస్ హెర్జ్‌ఫెల్డ్ దగ్గరికి వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో పది లక్షల డాలర్లు మంజూరయ్యాయి. అణుబాంబు పడ్డా నిలిచే వ్యవస్థ కోసమే ఇంటర్నెట్ పుట్టిందన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అలాంటి లెక్కలు వేసిన మాట నిజమే, కానీ వేసింది ర్యాండ్ సంస్థలోని పాల్ బారన్. టేలర్‌కు కావలసింది ఖరీదైన కంప్యూటర్లను నలుగురూ పంచుకోవడం, అంతే.

సందేశాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీదా చిరునామా రాసి, ఖాళీగా ఉన్న దారిన పంపాలన్న ఊహ అప్పటికే ఉంది. అమెరికాలో బారన్‌కూ, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్‌కూ అది విడివిడిగానే తట్టింది. ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టింది డేవిస్. ఊహ బాగుంది, మరి చాకిరీ ఎవరిది? 1967 వసంతంలో యాన్ ఆర్బర్‌లో జరిగిన సమావేశంలో విశ్వవిద్యాలయాల వాళ్లు మొహాలు ముడుచుకున్నారు. మా పనికే మా కంప్యూటర్ చాలడం లేదు, ఊళ్లోవాళ్ల ఉత్తరాలు కూడా మొయ్యాలా అన్నది వాళ్ల బాధ. అప్పుడు వెస్లీ క్లార్క్ అనే ఇంజనీరు దారి చూపించాడు. పెద్ద కంప్యూటర్ల జోలికి పోవద్దు, ప్రతి గుమ్మం ముందూ ఒక చిన్న కంప్యూటర్‌ను కూర్చోబెట్టండి, మోత పని అది చూసుకుంటుంది అన్నాడు. విమానాశ్రయానికి వెళ్తున్న టాక్సీలో ప్రాజెక్టు నాయకుడు లారీ రాబర్ట్స్‌కు ఈ సంగతి వివరంగా చెప్పాడు. ఇంటర్నెట్ చరిత్రలో ఇంత కలిసొచ్చిన టాక్సీ ప్రయాణం మరొకటి లేదు.

1968లో సుమారు 140 కంపెనీలకు టెండరు కాగితాలు వెళ్లాయి. కంప్యూటర్ల మహారాజు ఐబీఎం అసలు పోటీకే రాలేదు. పని దక్కింది బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థకు. పొట్టిగా బీబీఎన్. సభామందిరాల్లో శబ్దం ఎలా పలకాలో చెప్పే పనితో మొదలైన కంపెనీ అది. తమ రాష్ట్రానికి ఇంత పెద్ద పని వచ్చినందుకు సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ అభినందన తంతి కొట్టాడట. అందులో 'ఇంటర్‌ఫేస్' కాస్తా 'ఇంటర్‌ఫెయిత్' అయి, యంత్రానికి సర్వమత సమ్మేళన బాధ్యత అంటుకుంది.

ఫ్రాంక్ హార్ట్ నాయకత్వంలో బీబీఎన్ బృందం హనీవెల్ 516 కంప్యూటర్‌ను తీసుకుని దాన్ని ఇంప్‌గా మలిచింది. దాని జ్ఞాపకశక్తి పన్నెండు వేల పదాలు, ఒక్కో పదానికి 16 బిట్లు. అంటే ఇప్పటి లెక్కలో సుమారు 24 కిలోబైట్లు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చిపడే శుభోదయం బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. ఆ కాస్త చోటులోనే విల్ క్రౌథర్, డేవ్ వాల్డెన్, బెర్నీ కోసెల్ మొత్తం తపాలా శాఖను సర్దేశారు.

ఇంప్‌ది పరమ అనుమానపు స్వభావం. పెద్ద కంప్యూటర్ ఇచ్చిన సందేశాన్ని వెయ్యి బిట్లకు మించని ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ 24 బిట్ల సరిచూపు అంకె తగిలిస్తుంది. పక్క ఇంప్‌కు పంపుతుంది గాని, తన దగ్గరి ప్రతిని పారెయ్యదు. రిజిస్టర్డ్ ఉత్తరానికి రసీదు కార్డు తిరిగొచ్చినట్టు 'అందింది' అన్న జవాబు రావాలి. ఎనిమిదో వంతు సెకను చూసి, రాకపోతే మళ్లీ పంపుతుంది. అందుకున్న ఇంప్ కూడా అంకె సరిపోతేనే రసీదు ఇస్తుంది, లేకపోతే మాట్లాడకుండా ఊరుకుంటుంది. టెలిఫోను తీగ మీద దానికి రవ్వంత నమ్మకం లేదు. ఫ్రాంక్ హార్ట్‌కూ ఒక అనుమానం ఉండేది, కుర్ర విద్యార్థుల మీద. వాళ్లు యంత్రాన్ని విప్పి చూస్తారన్నది అతని భయం. ఉక్కు తొడుగు అందుకే.

రెండో ఇంప్ స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు చేరింది. 1969 అక్టోబర్ 29 రాత్రి పదిన్నరకు లాస్ ఏంజెలెస్‌లో చార్లీ క్లైన్, దాదాపు 500 కిలోమీటర్ల అవతల బిల్ డువాల్, చెవికి ఫోను ఆనించుకుని కూర్చున్నారు. క్లైన్ 'లాగిన్' అని కొట్టాలి. ఎల్ కొట్టాడు, అందింది. ఓ కొట్టాడు, అందింది. జీ కొట్టగానే అవతలి కంప్యూటర్ పడిపోయింది. పాపం ఇంప్‌ది కాదు. జీ చూడగానే స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ అతితెలివికి పోయి మిగతా అక్షరాలు తనే పూరించి ఒక్కసారిగా వెనక్కి పంపబోయింది. నత్తనడక టైపుకు సరిపడా పెట్టిన, అక్షరాలు పట్టే చిన్న గిన్నె కాస్తా పొంగిపోయింది. డువాల్ గిన్నె పెద్దది చేశాడు. గంట తర్వాత లాగిన్ పూర్తయింది.

ఆ ఏడాది చివరికి ఇంప్‌లు నాలుగు. ఆ తర్వాత దేశమంతా పాకాయి. తూర్పు తీరంలోని కేంబ్రిడ్జ్‌లో కూర్చున్న బీబీఎన్ మనుషులు ఎక్కడో పడమటి తీరంలో లైను చెడిందని టెలిఫోను కంపెనీకి కబురు పెడుతుంటే, కంపెనీవాళ్లు ముందు నమ్మేవారు కాదట.

తీగను అంతగా శంకించిన యంత్రం తన కడుపును మాత్రం గుడ్డిగా నమ్మింది. దానికి శిక్ష 1980 అక్టోబర్ 27న పడింది. ఇంప్‌లు ఒకదానికొకటి స్థితి నివేదికలు పంపుకునేవి. ఏది కొత్తదో తెలియడానికి ప్రతి నివేదికకూ వరస అంకె ఉండేది. అంకెలు 63 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆ రోజు 50వ నంబరు ఇంప్ నివేదికలో, యంత్రాల జ్ఞాపకాల్లోనే బిట్లు రాలిపోయి, 44 అన్న అంకె ఒకచోట 40గా, మరోచోట 8గా మారింది. గడియారంలో పన్నెండు తర్వాత నాలుగు, నాలుగు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత మళ్లీ పన్నెండు. అలాగే 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది, చక్రం తిరిగొచ్చి 44 కంటే 8 కొత్తది. ప్రతి ఇంప్ కొత్తది వచ్చిందనుకుని పక్కదానికి అందించింది, అది ఇంకోదానికి అందించింది. ఆ గిరగిరలో అసలు ఉత్తరాలు మొయ్యడానికి ఎవరికీ తీరిక లేదు. నెట్‌వర్క్ గంటల తరబడి మూలపడింది. 50వ ఇంప్ చెప్పేది చెవిన పెట్టొద్దని మిగతావాటి ప్రోగ్రాముల్లో రాస్తే గాని కుదుటపడలేదు.

ఇంప్ ఉద్యోగానికి అప్పటికే ఎసరు పెట్టినవాళ్లు ఉన్నారు. మధ్యలోని యంత్రాన్ని ఎందుకు నమ్మాలి, పంపేవాడూ అందుకునేవాడూ లెక్క చూసుకుంటే చాలదా అని ఫ్రాన్స్‌లో లూయీ పూజాన్ తన సిక్లాడ్ నెట్‌వర్క్‌లో చేసి చూపించాడు. రేడియో, ఉపగ్రహ నెట్‌వర్కులను కూడా కలపాల్సిన బాబ్ కాన్, వింట్ సెర్ఫ్ 1974లో ఆ దారే పట్టారు. కాన్ ఇంప్ తయారీలో పాలుపంచుకున్నవాడే కావడం గమ్మత్తు. 1983 జనవరి 1న ఇంప్‌ల నెట్‌వర్క్ ఆర్పానెట్ వాళ్లు రూపొందించిన టీసీపీ ఐపీ పద్ధతికి మారింది. పోయిన ముక్కను మళ్లీ పంపే బాధ్యత చివరి కంప్యూటర్లకు వెళ్లిపోయింది. ఇక మధ్యలో అంత శ్రద్ధగల గుమాస్తా అవసరం లేదు. వచ్చింది విసిరేసి పోయే రౌటర్ చాలు.

1990లో ఆర్పానెట్‌కు సెలవిచ్చారు. మొదటి ఇంప్ మాత్రం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బోల్టర్ హాల్‌లోని 3420వ గదిలో, ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది. అప్పట్లో అక్కడి ప్రయోగశాలకు పెద్దగా ఉన్న లెనార్డ్ క్లైన్‌రాక్ వెర్నర్ హెర్జోగ్ తీసిన డాక్యుమెంటరీలో దాని ఉక్కు పక్కటెముకల మీద చేత్తో బాదాడు. తలుపు తెరిచి, లోపలి పాత వాసన ఎంత బాగుందో అని మురిసిపోయాడు.