చెంబెడు పాలు

ఉత్తరప్రదేశ్‌లోని మథుర, ఆగ్రా, ఏటా ప్రాంతాలలో ఇరుకైన ఇళ్ల వాకిళ్లలో ఒక చిన్న మేక కట్టివేసి కనబడుతుంది. తెల్లని ఒంటిమీద లేత గోధుమరంగు మచ్చలు, నిక్కబొడుచుకొన్న పొట్టి చెవులు, చురుకైన కళ్లు. చూడగానే జింకపిల్ల గుర్తుకు వస్తుంది. దీని పేరు బర్బరీ. ఆఫ్రికాలో సోమాలీ తీరాన ఉన్న బెర్బెరా రేవును బట్టి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఎదిగిన ఆడమేక కూడ సుమారు 20 నుంచి 25 కిలోల బరువు మాత్రమే ఉంటుంది.

ఆవును పోషించాలంటే కొట్టం కావాలి, గడ్డివాము కావాలి. బర్బరీ మేకకు నాలుగు బారల చోటు చాలు. బయళ్లు తిరగకుండా కట్టివేసిన చోటనే ఆకులు, పప్పుల పొట్టు, కాస్త దాణా తిని పెరుగుతుంది. అందువల్లనే పట్టణాలలోని చిన్న కుటుంబాలు దీన్ని ఇష్టంగా పెంచుకొంటాయి. మథుర జిల్లా మఖ్దూమ్‌లో 1979లో ఏర్పడిన కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ ఈ జాతిని గురించి పరిశోధనలు చేస్తున్నది.

ఈ మేక రోజుకు ముప్పావు లీటరు, మంచిదైతే లీటరు దాకా పాలిస్తుంది. తరచుగా కవలలను ఈనుతుంది. అంటే ఆ చెంబెడు పాలకు రెండు పిల్లలు, ఇంటివారు వాటాదారులన్నమాట. ఇంటివారు అత్యాశకు పోతే పిల్లలు చిక్కి చనిపోతాయి. పిల్లలకే వదిలివేస్తే ఇంట్లో పాలుండవు. ఈ పంపకం తెలిసినవారే మేకను పెంచగలరు.

ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలు పూర్తిగా పిల్లలవే. పుట్టిన గంటలోపుననే అవి తాగాలి. రోగాలను ఎదుర్కొనే శక్తి వాటికి ఆ పాలనుంచే వస్తుంది. రెండు మూడు వారాలు గడచిన తరువాత రాత్రిపూట పిల్లలను వేరుగా కట్టి, తెల్లవారగానే తల్లిని పితికి, పగలంతా వాటిని తల్లి దగ్గరే వదులుతారు. ఉదయం పాలు ఇంటికి, పగటి పాలు పిల్లలకు.

ఇక పితికే తీరు చూద్దాం. ఆవుకు నాలుగు చన్నులుంటే మేకకు రెండే. కొన్ని మేకల మెడకింద కూడ చన్నులవంటివి రెండు వేలాడుతుంటాయి. వాటిలో పాలుండవు. పనికిమాలినవాణ్ణి మేక మెడచన్నుతో పోల్చడం అందుకే.

పొట్టి మేక పొదుగు నేలకు చాల దగ్గరగా ఉంటుంది. కాబట్టి దాన్ని మోకాలెత్తు బల్లమీదికి ఎక్కించి, ముందు గుప్పెడు దాణా పెట్టి, పక్కన కూర్చొని పితకడం సుఖం. మొదట గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవాలి. ఇది శుభ్రతకు మాత్రమే కాదు. ఆ స్పర్శకు మేక చేపుతుంది. బెదిరించినా, కొట్టినా పాలను ఎగబట్టుకొంటుంది. ఆ పూటకు చెంబు ఖాళీయే!

చన్ను మొదట్లో బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా బిగించాలి. లేకపోతే పాలు తిరిగి పొదుగులోకే పోతాయి. తరువాత మధ్యవేలు, ఉంగరపువేలు వరుసగా ముడవాలి. అప్పుడు ధార పడుతుంది. పట్టు వదిలితే చన్ను మళ్లీ నిండుతుంది. చన్నును కిందికి లాగడం, బొటనవేలు మడిచి కణుపుతో నొక్కడం మంచి పద్ధతులు కావు. లోపల గాయమై పొదుగువాపు వస్తుంది. చన్నులు చిన్నవి కనుక పెద్దవారి పిడికిలి వాటిమీద ఇమడదు. ఈ పని పిల్లల చేతులకే చక్కగా కుదరడం కద్దు.

మొదటి రెండు మూడు ధారలను వేరే గిన్నెలో పట్టి చూడాలి. తరకలు గాని, నెత్తురుజీర గాని కనబడితే పొదుగుకు రోగం సోకిందని గుర్తు. ఆ పాలు వాడరాదు. పితకడం పూర్తయ్యాక మేకకు ఇంకాస్త మేత వేసి అరగంటసేపు నిలబడి ఉండేటట్లు చూడాలి. చన్ను రంధ్రం మూసుకోకముందే పడుకొంటే మట్టిలోని క్రిములు లోపలికి పోతాయి.

పాలు చూడటానికి శుభ్రంగా ఉంటే చాలదు. మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో పూర్వం మేకలను ఇంటింటికీ తోలుకొని వచ్చి, వాకిట్లోనే పితికి పోసేవారు. కళ్లయెదుట పితికిన పాలు కనుక నీళ్లు కలిపారన్న శంక ఉండేది కాదు. అయితే అక్కడి ప్రజలను, బ్రిటిష్ సైనికులను ఒక మొండిజ్వరం నెలల తరబడి పీడించేది. తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చేది. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. కాని అది మనిషిలోకి ఏ దారిన చేరుతున్నదో తెలియలేదు. 1905లో మాల్టావాడే అయిన తెమిస్టొక్లిస్ జామిట్ అనే వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించి గుట్టు బయటపెట్టాడు. ఏ రోగలక్షణమూ లేని మేకల పాలలోనే ఆ క్రిమి ఉన్నది! మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఇవ్వడం మానివేయగా వారిలో జ్వరం బాగా తగ్గిపోయింది. బ్రూసెల్లోసిస్ అనే ఈ వ్యాధి మనదేశంలోని పశువులలోనూ ఉన్నది. పాలను పొంగువచ్చేదాకా కాచితే ఆ క్రిమి చనిపోతుంది. పచ్చిపాలే బలమని గటగట తాగేవారికి ఈ సంగతి చెప్పాలి.

మేకపాలలోని కొవ్వు కణాలు చిన్నవి. అందువల్ల మీగడ తొందరగా పైకి తేలదు. ఆవువెన్నలోని పసుపురంగు మేకవెన్నలో కనబడదు. పాలకు వాసన అంటారు గాని, పోతును దూరంగా కట్టి, పాత్ర శుభ్రంగా ఉంచితే ఆ వాసన అంతగా ఉండదు. ఏడాది నిండని పసిపాపలకు మాత్రం తల్లిపాలకు బదులు వీటిని పట్టరాదు. ఫోలిక్ ఆమ్లం తక్కువ కావడంవల్ల రక్తహీనత కలుగుతుంది.

మేక చూలు అయిదు నెలలు. మూడో నెల నిండగానే పితకడం క్రమంగా తగ్గించి ఆపివేస్తారు. అది తిన్న తిండి ఇక కడుపులోని పిల్లలకే పోవాలి. ఆ రెండు నెలలు మేకకు దాణా మానరు. ఇంట్లోవారు మాత్రం పాలులేని టీతో సరిపెట్టుకొంటారు.