పరీక్షాకాలమున మనశ్శాంతి

పరీక్షలు సమీపించినకొలఁది అనేక గృహములలో మాటలు తగ్గి కోపములు పెరుఁగుచుండుట మేమెఱుఁగుదుము. భయము కలిగినపుడు అడ్రినలిన్ అను హార్మోను రక్తమునఁ గలిసి గుండె వేగముగాఁ గొట్టుకొనును. ఇది పిఱికితనము కాదు, దేహధర్మము. అట్టి వేళ ఊపిరిని మెల్లగాఁ బీల్చి, అంతకంటె మెల్లగా విడిచినచో గుండె నెమ్మదించును. చదివిన పాఠము నిద్రలో మనస్సున స్థిరపడును గావున, రాత్రి జాగరణము లాభముకంటె నష్టమునే తెచ్చును.

తలిదండ్రులారా! పొరుగుబిడ్డతోఁ బోల్చి నిందింపకుఁడు, "భోజనము చేసితివా?" అని ముందడుగుఁడు. బాలబాలికలారా! దుఃఖము భరింపరానిదైనచో దాఁచుకొనక, నమ్మిన పెద్దలతోఁ జెప్పుఁడు. 2022వ సంవత్సరమున భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుఁగుననే మాటలాడవచ్చును. తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. పోఁగొట్టుకొన్న బిడ్డను మరలఁ దెచ్చుకొనలేము.