పొటోమాక్ తీరాన ఒంటరి నడక

నదిని తల్లిగా భావించడం తెలుగువారికి తరతరాలుగా వస్తున్న సంస్కారం. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలలో పెద్దలు గోదావరి పుష్కరాలనూ, కృష్ణ ఒడ్డున గడిచిన బాల్యాన్నీ మరచిపోలేదు. కాని ప్రస్తుతం తమ ఇంటి కుళాయిలోకి ఏ నది నీరు వస్తున్నదో, ఆ నది గట్టున ఏ పక్షి వాలుతుందో చెప్పగలిగినవారు కొద్దిమందే. వాషింగ్టన్ మహానగర ప్రాంతంలో నివసించే వేలాది తెలుగు కుటుంబాలకు ఆ నది చాలావరకు పొటోమాక్. దాని గట్టున ఒక్క రోజు తీరికగా నడిస్తే చాలు. వాతావరణ శాస్త్రం, జీవశాస్త్రం, చరిత్ర అన్నీ ఒకేచోట దర్శనమిస్తాయి.

ఆ నడకకు తగిన కాలం మార్చి చివరివారం. తగిన స్థలం రాజధానికి సుమారు పధ్నాలుగు మైళ్ళ ఎగువన, మేరీలాండ్ వైపున గల గ్రేట్ ఫాల్స్. ఇక్కడ నది ఒక మైలు దూరం లోపలే 76 అడుగులు దిగుతుంది. పక్కనే పాత చెసపీక్ అండ్ ఒహాయో కాలువ, ఆ కాలువ గట్టున చదునైన మట్టిబాట ఉన్నాయి. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను తాళ్ళతో లాగుతూ నడిచిన బాట అది. కాకినాడ నుండి మద్రాసు వరకు సాగిన మన జలమార్గంలో, బకింగ్‌హాం కాలువ గట్టున మనుషులు తాళ్ళతో పడవలను లాగిన దృశ్యం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మనిషి చేసిన పని ఇక్కడ కంచరగాడిద చేసింది.

ఒకే రోజున మూడు ఋతువులు

ఉదయం ఏడు గంటలకు బాట మీద అడుగుపెట్టిన పాదచారికి నది కనిపించదు. దాని హోరు మాత్రమే వినిపిస్తుంది. నీటిమీద తెల్లని పొగమంచు పరచుకొని ఉంటుంది. కొండల నుండి కరిగివచ్చిన మంచు వల్ల మార్చిలో నదీజలం చాలా చల్లగా ఉంటుంది. దక్షిణం నుండి వచ్చే వెచ్చని, తేమతో కూడిన గాలి ఆ చల్లని నీటిపై నుండి సాగేటప్పుడు చల్లబడి, అందులోని నీటి ఆవిరి సూక్ష్మ బిందువులుగా మారుతుంది. శరత్కాలపు పొగమంచుకు కారణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అప్పుడు నీరు వెచ్చగా, గాలి చల్లగా ఉంటాయి. అందువల్ల కాగుతున్న ఎసరు మీద ఆవిరి లేచినట్లు నది మీద పొగ లేస్తుంది.

పది గంటలకు మంచు విడిపోయి ఎండ కాస్తుంది. చలికోటు విప్పి చేతిపై వేసుకోవలసినంత వెచ్చదనం. మధ్యాహ్నం రెండు గంటలకు పడమటి ఆకాశం నల్లబడుతుంది. గాలి దిశ మారుతుంది. ఉష్ణోగ్రత గంటలో ఇరవై ఫారన్‌హీట్ డిగ్రీలు పడిపోయినా ఆశ్చర్యం లేదు. ముందు వాన, పిమ్మట మంచు పలుకులు రాలుతాయి.

ఈ చంచలత్వానికి మూలం ఖండం యొక్క నిర్మాణంలోనే ఉన్నది. భారతదేశానికి ఉత్తరాన హిమాలయాలు తూర్పుపడమరలుగా గోడకట్టినట్లు నిలిచి మధ్య ఆసియా శీతల వాయువులను అడ్డుకుంటాయి. ఉత్తర అమెరికాలోని రాకీ, అపలేచియన్ పర్వత శ్రేణులు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. కెనడా నుండి దిగే చలిగాలికి గాని, మెక్సికో సింధుశాఖ నుండి ఎగువకు వచ్చే తేమగాలికి గాని అడ్డుగోడ లేదు. వసంతారంభంలో ఈ రెండూ తరచు ఢీకొంటాయి. బరువైన చలిగాలి మేకులాగా వెచ్చని గాలి కిందికి చొచ్చుకొనిపోయి దానిని పైకెత్తుతుంది. పైకెళ్ళిన గాలి వ్యాకోచించి చల్లబడి మేఘమై వర్షిస్తుంది. ఈ రెండు గాలుల సరిహద్దునే శాస్త్రజ్ఞులు శీతల వాయుముఖం అంటారు.

ఒంటరిగా నడిచేవారు ఈ విషయాన్ని కేవలం విజ్ఞానంగా భావించి వదిలివేయరాదు. శరీరంలోని వేడి ప్రమాదకరంగా తగ్గిపోవడానికి గడ్డకట్టే చలి అవసరం లేదు. 50 ఫారన్‌హీట్ డిగ్రీల వద్ద కూడా తడిసిన నూలుబట్టలతో గాలిలో నిలిచినవారికి ఆ ప్రమాదం ఉన్నది. ఉన్ని దుస్తులు, వానకోటు, వెళ్ళే చోటు గురించి ఇంట్లో ఒక మాట చెప్పడం, ఇవి ఒంటరి నడకకు కనీస జాగ్రత్తలు.

గడ్డకట్టి బ్రతికే కప్ప

పొగమంచు విడవక ముందే బాట పక్కన నిలిచిన వాననీటి మడుగుల నుండి బాతుల కలకలం వంటి ధ్వని వస్తుంది. దగ్గరకు వెళ్తే చప్పున ఆగిపోతుంది. అక్కడ ఉన్నవి బాతులు కావు, వుడ్ ఫ్రాగ్ అనే గోధుమరంగు కప్పలు. మన కప్పలు తొలకరికి మేల్కొంటే, ఇవి మంచు పూర్తిగా కరగక ముందే మేల్కొంటాయి.

ఈ కప్ప శీతాకాలాన్ని గడిపే విధానం జీవశాస్త్రంలోని వింతలలో ఒకటి. ఇది భూమిలోకి లోతుగా వెళ్ళదు. ఎండుటాకుల కింద పడుకుంటుంది. చర్మానికి మంచు తగలగానే దాని కాలేయం తనలో నిలవ ఉన్న పిండిపదార్థాన్ని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి విడుదల చేస్తుంది. రక్తంలోని చక్కెర మామూలు స్థాయికి అనేక రెట్లు పెరుగుతుంది. కణాలలోపల ఈ చక్కెర పాకం నిండడం వలన అక్కడ మంచు ఏర్పడదు. కణాల వెలుపల మాత్రమే ఏర్పడుతుంది. శరీరంలోని నీటిలో సుమారు మూడింట రెండువంతులు గడ్డకడుతుంది. గుండె ఆగిపోతుంది, శ్వాస నిలిచిపోతుంది. వెచ్చదనం రాగానే గుండె తిరిగి కొట్టుకుంటుంది. మార్పిడి కొరకు సేకరించిన మానవ అవయవాలను మరింత కాలం చెడకుండా నిలవ ఉంచడం ఎలా అని పరిశోధించేవారు ఈ కప్పను శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

నారాయణ పక్షికి పెద్దన్న

నది అంచున రాతిపై కదలక నిలిచిన బూడిదరంగు పక్షిని చూసిన తెలుగువారికి కొల్లేరు గుర్తుకు రాక మానదు. ఇది గ్రేట్ బ్లూ హెరాన్. మన నారాయణ పక్షిది, దీనిది ఒకే ప్రజాతి. కాని ఇది పరిమాణంలో పెద్దది. దాదాపు నాలుగు అడుగుల ఎత్తు, ఆరు అడుగుల రెక్కల విస్తీర్ణం ఉన్నప్పటికీ, ఎముకలు బోలుగా ఉండడం వలన బరువు అయిదారు పౌండ్లకు మించదు.

మంచునీటిలో గంటల తరబడి నిలిచినా దాని కాళ్ళు ఎందుకు కొంకర్లుపోవు? కాళ్ళలోకి దిగే వేడిరక్తపు ధమనులు, కాళ్ళ నుండి పైకి వచ్చే చల్లని రక్తపు సిరలు పక్కపక్కనే ఆనుకొని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే ఇచ్చివేస్తుంది. పాదాలు గడ్డకట్టకుండా ఉండేటంత వేడి మాత్రమే కిందికి చేరుతుంది. మిగిలినది శరీరంలోనే నిలిచిపోతుంది. అనేక పారిశ్రామిక ఉష్ణ వినిమయ యంత్రాలలో ఇంజనీర్లు అమలుపరచే సూత్రం కూడా ఇదే.

ఎండ వచ్చిన తరువాత కాలువలోని మొద్దుల మీద తాబేళ్ళు వరుసగా చేరుతాయి. లకుముకి పిట్ట కిచకిచమంటూ నీటి మీదుగా దూసుకొనిపోతుంది. తల ఎత్తి చూసిన పాదచారికి అదృష్టం ఉంటే తెల్లని తల, తెల్లని తోక గల బాల్డ్ ఈగల్ కనిపిస్తుంది. యాభై ఏళ్ళ క్రితం ఈ అదృష్టం చాలా అరుదు. అలాస్కాను మినహాయిస్తే 1963లో దేశం మొత్తం మీద గూడు కట్టిన జంటలు 417 మాత్రమే అని లెక్క. డి.డి.టి. అనే క్రిమిసంహారిణి చేపల ద్వారా ఈ పక్షుల శరీరంలో చేరి, గుడ్ల పెంకులు పలుచబడేటట్లు చేసింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. ఈ విపత్తును గురించి ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే గ్రంథంలో 1962లో హెచ్చరించిన రేచల్ కార్సన్ నివసించింది ఈ నదికి అనతిదూరంలో గల సిల్వర్ స్ప్రింగ్‌లోనే. 1972లో డి.డి.టి. వాడకాన్ని నిషేధించారు. 2007లో ఈ పక్షిని ప్రమాదస్థితిలో ఉన్న జాతుల పట్టిక నుండి తొలగించారు. నేడు జంటల సంఖ్య 70 వేలకు పైగా ఉన్నదని అంచనా.

నడకతో నిలిచిన నదీతీరం

1828లో ప్రారంభమై 1850లో కంబర్లాండ్ పట్టణం చేరిన ఈ 184.5 మైళ్ళ కాలువ రైలుమార్గంతో పోటీకి నిలవలేకపోయింది. 1924 వరదల పిమ్మట మూతపడింది. దానిని పూడ్చి కారు రహదారి నిర్మించాలని ప్రతిపాదన వచ్చింది. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయం ఆ ప్రతిపాదనను సమర్థించింది. సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్‌కు ఈ గట్టు మీద నడవడం అలవాటు. ఆయన పత్రికకు లేఖ వ్రాసి, సంపాదకుణ్ణి తనతో కూడా మొత్తం దూరం నడవవలసిందిగా ఆహ్వానించారు. సవాలు స్వీకరించబడింది. మార్చి 20న కంబర్లాండ్‌లో బయలుదేరినవారు యాభైమందికి పైగా ఉండగా, మంచును, బొబ్బలను తట్టుకొని ఎనిమిది రోజులలో పూర్తి దూరం నడిచినవారు తొమ్మిదిమంది మాత్రమే. పత్రిక తన వైఖరిని సవరించుకున్నది. 1971లో ఈ తీరం జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది. నేడు మన పిల్లలు సైకిళ్ళు తొక్కే బాట, ఆనాడు రహదారి కాకుండా నిలిచిన బాట.

కొరమీను చుట్టం

ఈ నదిలో తెలుగువారికి తెలిసిన మరొక ముఖం కూడా ఉన్నది. పాము తలవంటి తల గల నార్తరన్ స్నేక్‌హెడ్ అనే చేప, తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొరమీనుకు దగ్గరి చుట్టం. రెండూ చన్నా అనే ప్రజాతికి చెందినవే. రెండింటికీ మొప్పలకు తోడుగా నేరుగా గాలిని పీల్చే అర ఉన్నది. ఆ కారణంగానే మన సంతలలో కొరమీనును బ్రతికి ఉండగా అమ్మగలుగుతున్నారు. కాని చైనా, రష్యా, కొరియా ప్రాంతాలకు చెందిన ఈ చేప, కొరమీను వలె కాక, మంచు కప్పిన నీటి కింద కూడా శీతాకాలం గడపగలదు.

2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో ఈ చేపలు బయటపడ్డాయి. విచారణలో తేలిన విషయం ఏమిటంటే, ఒక వ్యక్తి జబ్బుపడిన సోదరికి సూపు కాచిపెట్టడానికి న్యూయార్క్ సంతలో రెండు బ్రతికిన చేపలను కొన్నాడు. ఈలోగా ఆమె కోలుకున్నది. అతడు చేపలను చెరువులో విడిచిపెట్టాడు. నీరసించినవారికి కొరమీను పులుసు పెట్టే ఇళ్ళలో పెరిగినవారికి ఆ సోదరుని మనస్సు అర్థమవుతుంది. ప్రాణిని చంపక నీటిలో వదలడం పుణ్యమని తలచేవారికి కూడా అర్థమవుతుంది. కాని ఫలితం వేరు. అధికారులు చెరువులో విషం కలుపగా వేయికి పైగా పిల్ల చేపలు తేలాయి. 2004లో ఇదే జాతి పొటోమాక్‌లో కనిపించింది. అవి ఆ చెరువు చేపల సంతానం కాదని జన్యు పరీక్షలు తెలిపాయి. అనగా అటువంటి పనిని మరెవరో కూడా చేశారన్నమాట. తల్లిదండ్రులు పిల్లలను కావలి కాచి పెంచే ఈ చేప ఇప్పుడు నదిలో స్థిరపడిపోయింది. దానిని ప్రాణంతో దేశంలోకి దిగుమతి చేసుకోవడం 2002 నుండి సమాఖ్య చట్టరీత్యా నేరం. పట్టి తినండని ప్రోత్సహించడానికి మేరీలాండ్ శాసనసభ 2024లో దీనికి ‘చెసపీక్ చన్నా’ అని కొత్త పేరు కూడా పెట్టింది.

కాబట్టి పిల్లలు పెంచిన రంగుచేపలను గాని, తాబేలును గాని దగ్గరలోని వాగులో వదలడం దయ అనిపించుకోదు. కొన్న దుకాణానికో, పెంచగలిగినవారికో అప్పగించడమే ఉచితం.

తిరుగు ప్రయాణం

మంచు పలుకులు ఆగిన తరువాత సాయంత్రం తడిసిన నేల నుండి పరిమళం లేస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఈ వాసనకు ముఖ్యమైన కారణాలలో ఒకటి. ఆ సూక్ష్మజీవులు లోకమంతటా ఉన్నవే. తొలకరినాటి తెలుగునేల వాసనలోనూ ఆ పదార్థం ఉన్నది.

కుటుంబంతో ఇక్కడికి వచ్చేవారు ఒక హెచ్చరికను మరువరాదు. గ్రేట్ ఫాల్స్ వద్ద నీటిలో దిగడానికి అనుమతి లేదు. పైకి నెమ్మదిగా కనిపించే చోట కూడా ఇరుకైన రాతి కనుమలో బలమైన లోపలి ప్రవాహాలు ఉంటాయి. గజ ఈతగాళ్ళు సైతం ఇక్కడ ప్రాణాలు కోల్పోయారు. మన నదులలో స్నానఘట్టాల మెట్లు దిగిన అలవాటును ఈ రాళ్ళ మీదికి తీసుకొనిరాకూడదు.

పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, చూసిన ప్రతి ప్రాణి పేరును రెండు భాషలలోనూ వ్రాయించడం మంచి పద్ధతి. హెరాన్ పక్కన నారాయణ పక్షి, కింగ్‌ఫిషర్ పక్కన లకుముకి, కార్మొరెంట్ పక్కన నీటికాకి. తాతగారికో అమ్మమ్మకో ఫోను చేసి అడిగితే తప్ప కొన్ని పేర్లు దొరకవు. ఆ విధంగానైనా ఈ నదీ తీరపు నడక ఆ నదీ తీరపు మాటలను కొంతకాలం నిలబెడుతుంది.