ముఖం చూసి తెలుసుకోవడం



మొన్న నేలకొండపల్లిలో మా ఇంటికి మా ఆయన అక్కగారు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పదో తరగతి చదివే మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తి "రా అత్తమ్మా, కూర్చో" అని మళ్ళీ తల దించుకుంది. మర్యాదకేం లోటు లేదు. అత్తమ్మ ఏడ్చి వచ్చిందన్న సంగతే దానికి తెలియలేదు.

ఇది ఫోను వల్లేనా? లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2014లో ఒక పరిశోధన వెలువరించారు. ఆరో తరగతి పిల్లలు 51 మంది ఫోనూ టీవీ లేని శిబిరంలో అయిదు రోజులున్నారు. మరో 54 మంది ఎప్పటిలాగే ఉన్నారు. అందరికీ ముందూ వెనకా ముఖాల ఫోటోలు చూపించి, ఈ మనిషి సంతోషంగా ఉన్నాడా, భయపడ్డాడా అని అడిగారు. శిబిరం పిల్లలే ఎక్కువ మెరుగుపడ్డారు. అయితే అది ఫోను లేనందుకా, పగలూ రాత్రీ తోటివాళ్ళతో కలిసి మెలిసి ఉన్నందుకా? ఆ పరీక్ష విడదీసి చెప్పలేదు. నన్నడిగితే రెండోదే అంటాను.

అసలు ఫోను చేతికిచ్చింది మనమే కదండీ! 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో పాఠాలు టీవీకీ ఫోనుకీ మారినప్పుడు అప్పుచేసి కొన్న తల్లులున్నారు. ఇప్పుడు హఠాత్తుగా లాక్కుంటే, దాని స్నేహితులంతా అందులోనే ఉన్నారాయె.

అందుకని నేను లాక్కోలేదు. చిక్కుడుకాయల చేట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను, ఈనెలు తీయమని. కాసేపు మాటల్లేవు. సగం చేట అయ్యాక, "అత్తమ్మా, ఏమైంది?" అన్నది.