వాహన ప్రకంపనలు, డిఫరెన్షియల్ నూనె: లోప నిర్ధారణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ప్రకంపన ఇంజిన్‌దా, ప్రొపెల్లర్ షాఫ్ట్‌దా, చక్రాలదా అని వేరుచేసి చెప్పగలుగుతారు.
• డిఫరెన్షియల్ నూనెను పరీక్షించి లోపలి స్థితిని అంచనా వేయగలుగుతారు.
• ఈ రెండింటి మధ్య ఉన్న కార్యకారణ సంబంధాన్ని వివరించగలుగుతారు.

1. పరిచయం

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి రోజూ బొలెరో తరహా ఎస్‌యూవీ నడిపే డ్రైవర్ మీ దగ్గరికి వచ్చాడనుకోండి. "సార్, హైవే మీద ఎనభై దాటంగనే సీటు కింద వణుకుతుంది. ఎనుక నుంచి ఈల లెక్క సప్పుడు వస్తుంది" అన్నాడు. అతడు అప్పటికే టైర్లు మార్చాడు, వీల్ బ్యాలెన్సింగ్ చేయించాడు. డబ్బు ఖర్చయింది కాని వణుకు పోలేదు. ఏ భాగమూ విప్పకముందే మనం తెలుసుకోదగినది ఎంతో ఉంది. అదేమిటో చూద్దాం.

2. ఏ భాగం ఎంత వేగంగా తిరుగుతుంది?

ఈ తరహా వాహనంలో గేర్‌బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా శక్తి వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు చేరుతుంది. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, పినియన్–క్రౌన్ నిష్పత్తి 4:1 అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 22 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 10 సార్లు, షాఫ్ట్ 40 సార్లు తిరుగుతాయి. యూనివర్సల్ జాయింట్ (మెకానిక్‌లు 'క్రాస్' అంటారు) వంగిన కోణంలో తిరిగినప్పుడు షాఫ్ట్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు కుదుపునిస్తుంది.

కాబట్టి నెమ్మదిగా ఊగినట్లుండే కుదుపు చక్రాలది. పాదాలకు జిమ్మని తగిలే వేగమైన వణుకు షాఫ్ట్ వైపు చూపుతుంది.

3. రోడ్డు పరీక్ష

ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, మరొకరిని పక్కన కూర్చోబెట్టుకొని చేయండి.

(అ) అదే 80 వేగంలో ఐదో గేరు నుంచి నాలుగో గేరుకు మారండి. ఇంజిన్ వేగం మారుతుంది, షాఫ్ట్ వేగం మారదు. వణుకు మారకపోతే ఇంజిన్ కారణం కాదు.
(ఆ) క్లచ్ నొక్కి బండిని సాగనివ్వండి. వణుకు కొనసాగితే షాఫ్ట్ లేదా చక్రాలను అనుమానించాలి. ఇంజిన్‌ను మాత్రం ఆపరాదు. ఆపితే బ్రేకుకు, స్టీరింగ్‌కు అందే సహాయక శక్తి తగ్గిపోతుంది.
(ఇ) యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు ఈల స్వరం మారితే పినియన్ బేరింగ్‌ను, పళ్ల అమరికను పరీక్షించాలి.
(ఈ) బండి కదిలేటప్పుడు 'టక్'మంటే క్రాస్‌లో అరుగుదల ఉండవచ్చు.

4. నూనె ఏం చెబుతుంది?

క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ కలుస్తాయి. అక్కడి తీవ్ర పీడనాన్ని తట్టుకునేందుకే జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్ వాడతారు. చిక్కదనాన్ని వాహన పుస్తకం చూసి నిర్ణయించాలి.

బండిని సమతలంపై నిలిపి, ముందు నింపే బిరడానే విప్పండి. నూనె కార్చేశాక అది ఊడిరాకపోతే బండి కదలదు. మామూలుగా నూనె ఆ రంధ్రం కింది అంచు వరకు ఉండాలి. ఎక్కువైతే నురగ కట్టి, సీళ్ల నుంచి బయటికి వచ్చి బ్రేకులపై పడే ప్రమాదం ఉంది.

• నల్లగా, మాడిన వాసన: అతివేడి.
• అయస్కాంత బిరడాపై మెత్తని బూడిదరంగు పేస్టు: సహజమైన అరుగుదల. గోరుకు తగిలే లోహపు ముక్కలు: పళ్లు లేదా బేరింగ్ దెబ్బతిన్నాయి.
• పాలు కలిపిన టీ రంగు: నీరు చేరింది.

ఈ చివరి లక్షణం మన ప్రాంతానికి ముఖ్యం. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతిభారీ వర్షాలకు రోడ్లు నీట మునిగాయి. వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి సంకోచించి, బ్రీదర్ గుండా, అరిగిన సీళ్ల గుండా నీటిని లోపలికి లాగుతుంది. నీటిలో నడిచిన బండి ఆ రోజు బాగానే తిరుగుతుంది. తుప్పు పట్టిన బేరింగ్ ఈల వేసేది కొన్ని వారాల తరువాత.

5. ఏది కారణం, ఏది ఫలితం?

నూనె చెడితే పినియన్ బేరింగ్ అరుగుతుంది, షాఫ్ట్ చివర ఊగుతుంది, వణుకు మొదలవుతుంది. దీనికి విపర్యయమూ సాధ్యమే. బ్యాలెన్స్ తప్పిన షాఫ్ట్ సీలును అరగదీస్తే నూనె కారిపోతుంది. అందుకే సీలు ఒక్కటే మార్చి పంపకండి. షాఫ్ట్‌ను చేత్తో పట్టి పైకీ కిందికీ కదిపి, పినియన్ వద్ద వదులు ఉందేమో చూడండి. ఉంటే బండిని రోడ్డెక్కించరాదు. ఆ బేరింగ్ నడుస్తుండగా పట్టేస్తే వెనుక చక్రాలు బిగుసుకుపోవచ్చు. అప్పుడు బండిలో ఉన్న వారందరి ప్రాణాలకు ముప్పు.

6. సారాంశం

ముందు వేగాన్ని లెక్కించండి, తరువాత రోడ్డు మీద వినండి, ఆపైన నూనె చూడండి, చివరగా భాగాలు విప్పండి. ఈ క్రమం పాటిస్తే అవసరం లేని భాగాలకు డబ్బు పోదు.

మాదిరి ప్రశ్నలు

1. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, నిష్పత్తి 4:1 అయితే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్ట్ సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుంది?
2. నీట మునిగిన ఇరుసులోకి నీరు చేరే విధానాన్ని వివరించండి.
3. పరిచయంలోని డ్రైవర్ బండిని మీరు ఏ క్రమంలో పరీక్షిస్తారు? కారణాలతో రాయండి.