జీతము పెద్దదా? మిగులు పెద్దదా?



ఆదిలాబాదులో 20,000 రూపాయల జీతము తెచ్చుకొనుచున్న కుమారునకు హైదరాబాదులో 30,000 ఇత్తురని కబురు వచ్చినదనుకొందము. "బాపూ, పోనా?" అని అతడు బోథ్‌లోని తండ్రినే మొదట అడుగును. ఏమి చెప్పవలెను?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. నిజాము కాలముననే కరీంనగరు ప్రాంతపు పద్మశాలీలు అనేకులు నేతపనికై షోలాపురమునకును, బొంబాయి ప్రాంతమునకును పోయిరి. ఇచ్చట చెల్లునది హాలీ సిక్కా, అచ్చట చెల్లునది కల్దారు. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారులకు సమానము. కావున ఇచ్చట 28 హాలీలు గడించువానికి అచ్చట 24 కల్దారులు వచ్చినచో అంకె తగ్గినదే కాని విలువ తగ్గలేదు. 1959 లో హాలీ సిక్కా చెలామణి ముగిసెను. నేడు దేశమంతటను రూపాయి ఒక్కటే. అయినను ఆ రూపాయికి వచ్చు సరకు ఊరూరను ఒక్కటి కాదు.

ఈ భేదమును ప్రభుత్వమే అంగీకరించినది. కేంద్రోద్యోగులకు ఇంటికిరాయి భత్యము 2024 జనవరి నుండి మూలవేతనముపై హైదరాబాదు వంటి మహానగరమున నూటికి 30, ఆదిలాబాదు వంటి పట్టణమున నూటికి 10 చొప్పున నిర్ణయింపబడెను. 50,000 మూలవేతనమునకు అచ్చట 15,000, ఇచ్చట 5,000 అన్నమాట. ప్రైవేటు కొలువులలో ఇట్టి కట్టుబాటు లేదు. ఆ లెక్క మనమే వేసికొనవలెను.

పత్రికలలో వచ్చు ధరల సూచిని చూచి మోసపోరాదు. ఒక నగరమున ధరలు మునుపటికంటె ఎంత పెరిగినవో అది తెలుపును గాని, రెండు నగరములలో ఏది ప్రియమో తెలుపదు.

ఇక మన లెక్క. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఇంటి అంకెలు మీరు వేసికొనుడు. ఆదిలాబాదులో కిరాయి 4,000, తిండి 7,000, పిల్లల చదువు 2,000, రాకపోకలు 1,000, ఇతరములు 2,000, వెరసి 16,000. మిగులు 4,000. హైదరాబాదులో కిరాయి 9,000, తిండి 9,000, చదువు 4,000, రాకపోకలు 3,000, పండుగపబ్బములకు ఊరికి వచ్చిపోవుటకు 1,000, ఇతరములు 3,000, వెరసి 29,000. మిగులు 1,000 మాత్రమే. జీతము 10,000 పెరిగినది, మిగులు 3,000 తరిగినది! ఇచ్చటి 4,000 అచ్చటను మిగులవలెనన్నచో జీతము 33,000 కావలెను.

ఇంకొక మాట. ఊరినుండి పోవు జొన్నలు, పప్పులు, పిల్లలను చూచుకొను నాయనమ్మ, ఇవి జీతపుచీటిలో కానరాని రాబడి. దూరము పోయినకొలది ఇవి తగ్గును. కోడలికి ఇచ్చట పని యున్నచో ఆ రాబడిని కూడ లెక్కలో చేర్చవలెను.

అట్లని పోవలదని నేననుట లేదు. నేర్చుకొనదగిన పని, ఏటేట పెరుగు జీతము, పెద్ద ఆసుపత్రి, పిల్లలకు మంచి చదువు నగరమున లభించినచో, రెండేండ్లు మిగులు తగ్గినను ఓర్చుకొనవచ్చును. అయితే అది తెలిసి ఓర్చుకొనవలెను గాని, అప్పు పెరిగిన పిదప తెలిసికొనరాదు.

కావున కుమారుడు అడిగిననాడు "జీతమెంత?" అని ఊరకుండక, "నెలాఖరున మిగులునదెంత?" అని అడుగుడు. కాగితముపై రెండు వరుసలు గీయించి, ఇద్దరును కూర్చుండి లెక్క చూచిన పిదపనే ముల్లె కట్టనిండు.