సమాధియొద్దకు వెళ్లిన స్త్రీలు

పుట్టినవారికి మరణము తప్పదని మనమందఱ మెఱుగుదుము. అయినను అది మన గడప త్రొక్కిన దినమున ఆ యెఱుక మనకు రవంతయైనను తోడు రాదు. ఒడిలోని బిడ్డ పోయినను, ఇల్లు నిలిపిన పెనిమిటి పోయినను ఆ యింటి స్త్రీకి లోకమంతయు ఒక్క క్షణమున చీకటియగును. అట్టి వేళ క్రైస్తవ కుటుంబములవారు ‘నిరీక్షణ’ యను మాటను పలుకుచుందురు. ఆ మాటకు అర్థమేమి? అది యేడ్పును మాన్పు మందా? లేక యేడ్చువారికి చేయూతయా? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములను కన్నుల ముందుంచుకొని మేమీ సంగతిని విచారింపదలచితిమి.

నల్లమల, ఎఱ్ఱమల కొండల నడుమ కుందేరు పాఱు నల్లరేగడి సీమ యిది. 19వ శతాబ్దపు మధ్యభాగమున ఆళ్లగడ్డ చేరువనున్న ముత్యాలపాడున ఆంగ్లికను మిషను నెలకొనెను. జాన్ క్లే యను బోధకుడు అచ్చట చిరకాలము నివసించెను. పిమ్మట నంద్యాల ముఖ్యకేంద్రమయ్యెను. నేడది దక్షిణ ఇండియా సంఘమున ఒక అధ్యక్ష ఖండమునకు ముఖ్యస్థానము. అచ్చటి పరిశుద్ధ సిలువ దేవాలయమే దాని ప్రధానాలయము.

ఈ సీమకు మరణము క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన మహాక్షామము కర్నూలు జిల్లాను మిక్కిలిగా పీడించెను. 1871లో సుమారు 9 లక్షల 14 వేలుగా నున్న జిల్లా జనసంఖ్య 1881 నాటికి సుమారు 6 లక్షల 78 వేలకు తగ్గెను. నలుగురున్న యింట ఒకరు లేకపోయినట్లే గదా! ఆ పోయినవారిలో ఎందఱి పేరులు నేడు మనకు తెలియును? లోకము పేరు మఱచిన వారిని దేవుడు మఱువడను నమ్మిక ఇట్టి సీమలోని పేదలకు ఎంతటి ఆదరవో మనము ఊహింపవచ్చును.

వసంతకాలపు పున్నమ గడచిన ఆదివారమున ఈస్టరు పండుగ వచ్చును. అది మార్చి 22కు ముందుగాని, ఏప్రిల్ 25కు తరువాతగాని రాదు. పండుగకు ముందు ఆంధ్రదేశమున అనేక గ్రామముల క్రైస్తవులు తమవారి సమాధులను శుభ్రపఱచి సున్నము వేయుదురు. ఆ దినమున కోడికూత వేళకే లేచి, క్రొవ్వొత్తులును పూలును గొని సమాధుల తోటకు పోవుదురు. చీకటిలో వరుసగా దీపములు వెలుగుచుండ, కీర్తనలు పాడుచు ప్రొద్దుపొడుపునకై వేచియుందురు. సమాధుల తోటకు ఇంగ్లీషున గల పేరు ‘నిద్రాస్థలము’ అను అర్థముగల గ్రీకుమాటనుండి పుట్టినది. నిద్రించినవారు మేల్కొందురనుటయే క్రైస్తవుల నిరీక్షణకు మూలము.

ఈ యాచారమునకు మాతృక సువార్తలలో నున్నది. యేసును సమాధిచేసిన పిమ్మట మూడవదినమున తెల్లవాఱుజామున అచ్చటికి మొదట వెళ్లినవారు స్త్రీలే. మగ్దలేనే మరియ పేరు నాలుగు సువార్తలయందును కానవచ్చును. వారు సుగంధద్రవ్యములు పట్టుకొని పోయినది పునరుత్థానమును చూచుటకు కాదు. చనిపోయినవానికి స్త్రీలు చేయదగిన కడపటి ఉపచారమును చేయుటకు. సమాధి ద్వారమున పెద్దరాయి యున్నది. దానినెవరు దొర్లింతురో వారికి తెలియదు. అయినను బయలుదేరిరి. నిరీక్షణ యనగా ఇదియేనని మేము తలచుచున్నాము. రాయి తొలగినదని తెలిసిన పిమ్మట నడచుట కాదు, రాయి యుండగనే ప్రేమచేత అడుగు వేయుట.

మఱి కన్నీరు విడుచుట అవిశ్వాసమా? ముమ్మాటికిని కాదు. బేతనియలో లాజరు మరణించినప్పుడు, అతనిని లేపబోవుచున్న యేసే ఆ యక్కచెల్లెండ్ర దుఃఖమును చూచి కన్నీరు విడిచెను. అట్లుండగా బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో, “ఏడువకుము, నీకు విశ్వాసము లేదా?” యని పలుకుట ఎంతటి క్రూరత్వము! “దేవునికి ఇష్టమైనది గనుక తీసికొనెను” అనుటయు అట్టిదే. ఆ మాట ఆమెను దేవునియొద్దనుండి దూరము చేయునేగాని ఆదరింపదు.

కావున దుఃఖగృహమునకు పోవునప్పుడు ఉపన్యాసము చేతబట్టుకొని పోవలదు. అన్నపు గిన్నె పట్టుకొని పొండు. ప్రక్కన కూర్చుండుడు. పోయినవారి పేరును పలుకుటకు జంకవలదు. ఆ పేరు వినబడకుండుటయే ఆమెకు రెండవ మరణము. బంధువులు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన దినములలో మఱల మఱల పొండు. పసివారితో “నాన్న ఊరికి పోయినాడు” అని బొంకవలదు. వారు ప్రతిదినము వీధివైపు చూచుచుందురు. “నిద్రపోయినాడు” అని మాత్రమే చెప్పి విడిచినను, రాత్రి కన్నుమూయుటకు భయపడుదురు. చనిపోయినాడని మెల్లగా నిజము చెప్పి, వారిని దగ్గఱకు తీసికొనుడు.

మఱియొక సంగతి. ఆళ్లగడ్డ శిల్పుల పనితనము దేశమంతట ప్రసిద్ధము. పోయినవారిపై మక్కువతో చక్కని రాతిని నిలుపగోరుట తప్పు కాదు. కాని బ్రతికియున్న బిడ్డల చదువును తాకట్టు పెట్టి రాయి నిలుపుటయు, అప్పుచేసి జ్ఞాపకార్థ కూటమునాడు విందు చేయుటయు పోయినవారికి గౌరవము కాజాలవు. పునరుత్థానమును నమ్మినవారికి సున్నము వేసిన మట్టిదిబ్బయైనను చాలును. ఆ ధనము విధవరాలి పొయ్యిని వెలిగించిన, అదియే మేలైన జ్ఞాపకచిహ్నము.

విధవను శుభకార్యమునకు ఎదురు రానీయని వాడుక ఛాయలు కొన్ని క్రైస్తవ గృహములలో సైతము మిగిలియున్నవి. పునరుత్థాన వార్తను మొదట వినిన స్త్రీలు సమాధియొద్దనుండి వచ్చినవారే గదా! ఆ స్త్రీల నోటి వార్తను పండుగగా చేసికొనువారు, సమాధియొద్దనుండి వచ్చిన తమ సోదరిని పెండ్లిపందిరి వెలుపల నిలుపుట న్యాయమా?

యోహాను సువార్త ప్రకారము తోటలో ఏడ్చుచున్న మరియ, ప్రభువు తన్ను పేరుపెట్టి పిలిచిన పిమ్మటనే ఆయనను గుర్తించెను. వాదముచేత కాదు, ఒక్క పిలుపుచేత ఆమె కన్నీరు ఆనందమయ్యెను. సోదరీమణులారా! మీ వీధిలో నేడు ఏ యింట ఏడ్పు వినవచ్చుచున్నదో ఆ యింటికి పొండు. ఆమెను పేరుపెట్టి పిలువుడు. ఆమె యెదుటనున్న రాయి గొప్పదే. దానిని దొర్లించుటకు మనకు శక్తి లేదు. అయినను తెల్లవాఱువఱకు ఆమెతో కూర్చుండుటకు మనకు తీఱిక లేదా?